సిల్వియా స్లే: పేరుపేరునా గీసిన స్త్రీలోకం

సిల్వియా స్లే (1916–2010) వేల్స్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన చిత్రకారిణి. మనుషుల రూపచిత్రాలు, అంటే పోర్ట్రెయిట్లు, ఆమె ప్రధాన రంగం. 1970లలో అమెరికాలో సాగిన స్త్రీవాద కళా ఉద్యమంలో ఆమెది ముందు వరస. మగవాళ్ల నగ్నచిత్రాలు గీసిందని లోకం ఆమెను ఎక్కువగా గుర్తు పెట్టుకుంది. అంతకంటే లోతైన పని ఒకటి ఆమె దశాబ్దాల తరబడి విడవకుండా చేస్తూ వచ్చింది. తన కాలంలో బొమ్మలు వేస్తున్న, శిల్పాలు చెక్కుతున్న, రాస్తున్న స్త్రీలను ఒక్కొక్కరినీ గీసింది. వాళ్లతో కలిసి గ్యాలరీలు నడిపింది. వాళ్ల బొమ్మలు సేకరించి దాచింది. గీయడం, నడపడం, దాచడం ఆమె విషయంలో ఒకే పనిలో భాగాలు. అందుకే ఆమె చిత్రాలను ఆ సమూహం నుంచి విడదీసి చూస్తే సగమే అర్థమవుతాయి.

సామూహిక చిత్రాల్లో స్త్రీల చోటు

స్లే చేసిన పని విలువ తెలియాలంటే, ఐరోపా చిత్రకళలో సామూహిక రూపచిత్రం నడిచిన దారి కొంత తెలియాలి. పదిహేడో శతాబ్దపు హాలండ్‌లో ఇది పెద్ద సంప్రదాయం. నగర రక్షక దళాల వాళ్లు, వర్తక సంఘాల పెద్దలు తమ సభ్యులందరినీ ఒకే కాన్వాస్ మీద గీయించుకుని సంఘం గోడకు వేలాడదీసేవారు. హార్లెమ్‌లో ఫ్రాన్స్ హాల్స్ గీసిన దళాల విందులు, 1662లో రెంబ్రాంట్ గీసిన ఆమ్‌స్టర్‌డామ్ బట్టల సంఘం పెద్దలు ఈ కోవలోవే. స్త్రీలు అసలు లేరని కాదు. ముసలివాళ్ల ఆశ్రమాన్ని చూసుకునే ధర్మకర్తలైన స్త్రీలను హాల్స్ తన చివరి రోజుల్లో గొప్పగా గీశాడు. దానధర్మాల దగ్గర స్త్రీలకు చోటు దొరికింది, వృత్తి దగ్గర దొరకలేదు.

వృత్తి దగ్గర ఏం జరిగిందో ఒక్క చిత్రం చాలు చెప్పడానికి. లండన్‌లోని రాయల్ అకాడమీని 1768లో స్థాపించిన సభ్యుల్లో ఆంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్ అనే ఇద్దరు చిత్రకారిణులు ఉన్నారు. 1771–72లో యోహాన్ జొఫానీ ఆ అకాడమీ సభ్యులను ఒకచోట చేర్చి చిత్రించాడు. అందులో సభ్యులు నగ్నంగా ఉన్న మోడల్ చుట్టూ చేరి ఉంటారు. అలాంటి గదిలో ఆడవాళ్లు ఉండకూడదన్నది ఆనాటి మర్యాద. అందుకని ఆ ఇద్దరినీ గోడకు వేలాడే పటాలుగా గీశాడు. తోటి సభ్యులు మనుషులుగా నిలబడితే, వాళ్లిద్దరూ పటాలై మిగిలారు.

ఫ్రాన్స్‌లో అకాడమీ స్త్రీ సభ్యుల సంఖ్యను నలుగురికి పరిమితం చేసింది. ఆ నలుగురిలో ఒకరైన అదెలయీద్ లాబీయ్-గ్యార్ 1785లో తన చిత్రాన్ని తానే గీసుకుంది. ఈజిల్ ముందు కూర్చున్న తన వెనకాల ఇద్దరు శిష్యురాళ్లను నిలబెట్టింది. ఇద్దరి పేర్లూ చరిత్రకు తెలుసు: మరీ గాబ్రియెల్ కాపే, మరీ మార్గరీత్ కారో ద రోజ్‌మాన్. నలుగురికి మించి రానివ్వని సంస్థకు, బయట ఇంకా ఎంతమంది ఉన్నారో ఆమె చూపించింది. స్లేకు నిజమైన పూర్వీకురాలు ఎవరని అడిగితే ఈమె పేరే చెప్పాలి.

ఇరవయ్యో శతాబ్దం వచ్చినా పెద్ద తేడా లేదు. మెట్రోపాలిటన్ మ్యూజియం ఆధునిక చిత్రకారులను చిన్నచూపు చూస్తోందని న్యూయార్క్ కళాకారులు 1950లో లేఖ రాశారు. వాళ్లలో పదిహేను మందిని నీనా లీన్ తీసిన ఫోటో 1951 జనవరిలో లైఫ్ పత్రికలో వచ్చింది. అందులో ఉన్న ఒకే ఒక స్త్రీ హెడా స్టెర్న్, అందరి వెనక. అమెరికా ఆధునిక చిత్రకళకు ఆ ఫోటోయే చాలాకాలం గుర్తింపు కార్డుగా చలామణి అయింది.

బ్రైటన్ నుంచి న్యూయార్క్ దాకా

సిల్వియా 1916 మే 8న వేల్స్ ఉత్తర తీరంలోని ల్యాండుడ్నో పట్టణంలో పుట్టింది. ఇంగ్లండ్‌లోని బ్రైటన్ కళాపాఠశాలలో చదివింది. చదువు తరువాత కుంచె కొంతకాలం పక్కన పడింది. లండన్‌లో బట్టల దుకాణంలో పనిచేసి, ఆపైన బ్రైటన్‌లో సొంతంగా కొట్టు పెట్టి టోపీలు, కోట్లు, గౌన్లు కుట్టి అమ్మింది. రెండో ప్రపంచ యుద్ధం దాకా అదే జీవనం. ఈ సంగతి ఆమె చిత్రాలు చూసేవాళ్లకు అక్కరకొస్తుంది. స్లే కాన్వాస్ మీద బట్ట ఎప్పుడూ బట్టలాగే ఉంటుంది. పూల అచ్చు ఎక్కడ మడతలోకి పోయిందో, అల్లిక ఎక్కడ వదులైందో, కుర్చీ మీద పరిచిన దుప్పటి ఏ నేతదో కనిపిస్తుంది. బట్ట కొలిచి కత్తిరించిన చేతికి తప్ప అంత ఓపిక ఉండదు.

1941లో మైకేల్ గ్రీన్‌వుడ్ అనే చిత్రకారుణ్ణి పెళ్లాడి లండన్ చేరింది. అక్కడ లండన్ విశ్వవిద్యాలయంలో సాయంత్రం పూట జరిగే కళాచరిత్ర తరగతుల్లో, తనకంటే పదేళ్లు చిన్నవాడైన లారెన్స్ ఆలవే పరిచయమయ్యాడు. 1953లో కెన్సింగ్టన్‌లో ఆమె మొదటి సొంత ప్రదర్శన జరిగింది. 1954లో ఆలవేతో రెండో పెళ్లి. ప్రకటనలు, సినిమాల లాంటి జనాదరణ సంస్కృతిని కళలోకి తెచ్చిన పాప్ ఆర్ట్ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చిన విమర్శకుడు అతనే. 1961లో ఇద్దరూ అమెరికా వెళ్లారు. మరుసటి ఏడాది ఆలవే గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో క్యూరేటర్‌గా చేరాడు.

న్యూయార్క్ కళాలోకం అప్పటికి అమూర్త చిత్రాల మీద, ఆ తరువాత పాప్ మీద మోజుతో ఉంది. మనిషిని మనిషిలా గీసే స్లే పద్ధతి పాతకాలపుదిగా కనిపించింది. పేరున్న విమర్శకుడి భార్య అన్న గుర్తింపే ముందు వచ్చింది, చిత్రకారిణి అన్న గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది. యాభై దాటిన తరువాతే ఆమె అసలు ఊపు అందుకుంది.

పేరున్న నగ్నశరీరం

ఊపు ఎందుకొచ్చిందంటే కాలం మారింది. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం 1969 వార్షిక ప్రదర్శనలో 143 మంది కళాకారులుంటే స్త్రీలు ఎనిమిది మంది. ఆ లెక్క మీద మరుసటి ఏడాది స్త్రీలు మ్యూజియం ముందు నిరసనకు దిగారు. 1971 జనవరిలో కళాచరిత్రకారిణి లిండా నాక్లిన్, గొప్ప స్త్రీ చిత్రకారులు ఎందుకు లేరన్న ప్రశ్నను తీసుకుని ప్రసిద్ధ వ్యాసం రాసింది. ప్రతిభలో లోటు లేదని, చదువు, శిక్షణ, సంస్థల తలుపులు మూసుకుపోయాయని ఆమె వాదన. నగ్న మోడల్‌ను చూసి గీసే అవకాశం శతాబ్దాల పాటు స్త్రీలకు లేకపోవడం ఆ వాదనలో కీలకం. స్లే సరిగ్గా ఆ తలుపే తోసింది.

1971లో ఆమె గీసిన ఫిలిప్ గోలుబ్ చిత్రంలో ఒక యువకుడు సోఫా మీద వెనక్కు తిరిగి పడుకుని ఉంటాడు. ఎదురుగా అద్దం. అద్దంలో అతని ముఖం కనిపిస్తుంది, అతని వెనక బట్టలు ధరించి ఈజిల్ దగ్గర కూర్చుని గీస్తున్న స్లే కూడా కనిపిస్తుంది. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్క్వెజ్ గీసిన అద్దంలో వీనస్ చిత్రం దీనికి మూలం. అక్కడ వీనస్ ముఖం మసకగా ఉంటుంది, గీసినవాడు కనిపించడు. ఇక్కడ ముఖం స్పష్టం, గీసిన మనిషి స్పష్టం. ఆ యువకుడు కూడా ఊరూపేరూ లేనివాడు కాదు, చిత్రకారులు నాన్సీ స్పీరో, లియాన్ గోలుబ్‌ల కొడుకు.

1973 నాటి టర్కిష్ స్నానశాల చిత్రం మరో అడుగు ముందుకు వేసింది. 1862లో ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ అదే పేరుతో గుండ్రటి కాన్వాస్ నిండా నగ్న స్త్రీలను కిక్కిరిసేలా గీశాడు. ఎవరి ముఖమూ ఎవరిదో చెప్పలేం. స్లే ఆ చోట తన భర్త ఆలవేను, స్కాట్ బర్టన్, జాన్ పెరో, కార్టర్ రాట్‌క్లిఫ్‌లను, తరచూ తనకు మోడల్‌గా కూర్చున్న పాల్ రొసానోను పెట్టింది. వాళ్లలో ఎక్కువమంది కళా విమర్శకులు. ఒంటి రంగులో తేడాలు, ఛాతీ మీది వెంట్రుకల తీరు, ఎండ తగలక తెల్లగా మిగిలిన చోట్లు, ఒక్కటీ వదల్లేదు. ఇది ఎగతాళి అనుకున్నవాళ్లున్నారు. చిత్రం ముందు కాసేపు నిలబడితే ఆ మాట నిలవదు. ఎంతో ఇష్టంతో, ఎంతో గౌరవంతో చూసిన చూపు అది. శరీరాన్ని గీస్తూ మనిషిని పోగొట్టుకోనక్కర్లేదని చెప్పే చిత్రం. స్త్రీల చిత్రాల్లో స్లే పాటించిన నియమం కూడా ఇదే.

గ్యాలరీలు, అందరూ ఉన్న చిత్రాలు

1972 సెప్టెంబరులో న్యూయార్క్ సోహో ప్రాంతంలో, 97 వూస్టర్ వీధిలో ఏ.ఐ.ఆర్. గ్యాలరీ తెరుచుకుంది. అమెరికాలో స్త్రీ కళాకారులే సభ్యులుగా, సహకార పద్ధతిలో నడిచిన మొట్టమొదటి గ్యాలరీ అది. ఇరవై మంది స్థాపక సభ్యులు. నేల బాగుచేయడం, గోడలు కట్టడం వంటి మరమ్మతు పనులు తామే చేసుకున్నారు. మరుసటి ఏడాది అదే ప్రాంతంలో సోహో20 వచ్చింది. స్లే సోహో20 తొలి సభ్యుల్లో ఒకరు, తరువాత ఏ.ఐ.ఆర్.లోనూ చేరింది. 1973 ఆరంభంలో న్యూయార్క్ కల్చరల్ సెంటర్‌లో వందమందికి పైగా స్త్రీల పనులతో జరిగిన స్త్రీలు ఎంచిన స్త్రీలు అనే ప్రదర్శన వెనక కూడా ఆమె శ్రమ ఉంది.

ఇలాంటి గ్యాలరీ ఎలా నడుస్తుందో కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే స్లే సామూహిక చిత్రాలు పుట్టింది ఆ నడకలోంచే. మామూలు గ్యాలరీకి యజమాని ఉంటాడు. ఎవరి బొమ్మలు పెట్టాలో ఆయన తేలుస్తాడు, అమ్మకంలో వాటా తీసుకుంటాడు. సహకార గ్యాలరీలో సభ్యులు చందాలు వేసుకుని అద్దె కడతారు. కొత్తవారిని చేర్చుకోవాలంటే అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. వంతులవారీగా ఒక్కొక్కరికీ సొంత ప్రదర్శన దక్కుతుంది. ఏం పెట్టాలన్నది ఆ కళాకారిణి ఇష్టం, అమ్ముడుపోతుందా లేదా అన్న బెంగ మీద అది ఆధారపడదు. బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకు సమాధానం చెప్పడం దగ్గర్నుంచి చీపురు పట్టడం దాకా సభ్యులదే బాధ్యత. అభిప్రాయభేదాలు వస్తాయి, సమావేశాలు సాగుతాయి, అయినా నెల తిరిగేసరికి అద్దె కట్టాల్సిందే. సముదాయం అన్న మాట చాలా తేలిగ్గా వాడేస్తుంటాం. అది చందాలు, వంతులు, వాదనలతో తయారవుతుందని ఈ గ్యాలరీల చరిత్ర చూపిస్తుంది.

1974లో స్లే సోహో20 సభ్యులను రెండు పెద్ద కాన్వాసుల జంట చిత్రంగా గీసింది. 1977–78లో ఏ.ఐ.ఆర్. సభ్యులందరినీ ఒకే కాన్వాస్ మీదికి తెచ్చింది. ఆరడుగుల పైచిలుకు ఎత్తు, దాదాపు ఏడడుగుల వెడల్పు. వెనక వరసల్లో కొందరు నిలబడ్డారు, ముందు కొందరు కూర్చున్నారు. వాళ్లలో నాన్సీ స్పీరో ఉంది, స్లే కూడా ఉంది. డచ్చి సంఘాల చిత్రాల్లో అధికారి మధ్యలో ఉంటాడు, మిగిలినవాళ్లు హోదాను బట్టి సర్దుకుంటారు. ఇక్కడ అలాంటి కేంద్రం లేదు. కంటిని ఒకరి దగ్గరే నిలిపే వెలుగు నీడల ఆట కూడా లేదు. అందరి మీదా ఒకే రకమైన పగటి వెలుతురు. ఒకరి జుట్టు ఒత్తు, ఒకరి కళ్లద్దాలు, ఒకరి గళ్ల చొక్కా, అన్నిటికీ సమానమైన శ్రద్ధ.

ఈ చిత్రాలు బిగుసుకుపోయినట్టున్నాయని, మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నట్టు లేరని అన్న విమర్శలో కొంత నిజముంది. ఒక్కొక్కరూ తమ చోట తాము విడిగా ఉన్నట్టే కనిపిస్తారు. కానీ ఇందులో మరొకటి కూడా ఉంది. గుంపును గీయబోయి మనుషులను కలిపి ముద్ద చేయడం సులువు. ఎవరి ముఖం వాళ్లకు మిగలాలన్న పట్టుదలతో స్లే ఆ సులువును వదులుకుంది.

మూడడుగుల చిత్రాలు

1976 ప్రాంతంలో మొదలుపెట్టి 2007 దాకా స్లే ఒక వరసలో రూపచిత్రాలు గీసింది. అన్నీ ముప్పై ఆరు అంగుళాల కొలతలో. కూర్చున్నవాళ్లంతా స్త్రీలు, కళాకారిణులూ రచయిత్రులూ: హెలెన్ ఐలన్, హొవార్డీనా పిండెల్, సెలీనా ట్రీఫ్, వెర్నీటా నెమెక్, సాహిత్య పరిశోధకురాలు కాథరిన్ స్టింప్సన్, ఇంకా ఎందరో. వరస ఆపేనాటికి ఆమె వయసు తొంభై దాటింది.

కొలత ఒకటే కావడం ఇక్కడ చిన్న విషయం కాదు. పేరున్నవాళ్లకు పెద్ద కాన్వాస్, లేనివాళ్లకు చిన్నది అన్న తేడా లేదు. ఆ ఏళ్లలోనే ఇంకో దిగ్గజం, ఆలిస్ నీల్ (1900–1984), ఇదే నగరంలో స్త్రీలను గీస్తోంది. గర్భిణులను, పసిబిడ్డల తల్లులను, ఉద్యమ నాయకురాళ్లను ఎలాంటి నగిషీ లేకుండా గీసిన మహా చిత్రకారిణి ఆమె. 1970 ఆగస్టులో టైమ్ పత్రిక ముఖచిత్రానికి స్త్రీవాద రచయిత్రి కేట్ మిల్లెట్‌ను నీల్ గీయాల్సి వచ్చింది. ఉద్యమానికి ఒక్క ముఖం ఉండకూడదని మిల్లెట్ ఎదురుగా కూర్చోవడానికి ఒప్పుకోలేదు. నీల్ ఫోటో చూసి గీసింది. మిల్లెట్ లేవనెత్తింది న్యాయమైన చిక్కు. ఉద్యమాన్ని చిత్రించాలంటే ఎవరిని గీయాలి? స్లే వరస ఆ చిక్కుకు ఓపికతో ఇచ్చిన జవాబు: వీలైనంతమందిని, ఒకే కొలతలో, ముప్పై ఏళ్ల పాటు.

కళాకారిణిగా నీల్‌కు ఉన్న తీవ్రత స్లేకు లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నీల్ గీత మనిషి లోపలి అలజడిని ఒడిసి పడుతుంది. స్లే అలజడి జోలికి పెద్దగా వెళ్లదు. ఆమెకు ఎదురుగా ఉన్న మనిషి అందంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఈ ప్రసన్నత కొన్ని చిత్రాలను పలుచన చేసింది, మరికొన్నిటికి అరుదైన నిండుదనం ఇచ్చింది.

పదకొండు నిలువెత్తు మూర్తులు

ఇలీస్ గ్రీన్‌స్టీన్ అనే చిత్రకారిణికి 1974లో ఒక ఆలోచన వచ్చింది. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద మైకెలాంజెలో పురుష ప్రపంచాన్ని సృష్టించినట్టు, స్త్రీల ఘనతను చాటే మందిరం ఒకటి ఎందుకుండకూడదు? దానికి సిస్టర్ చాపెల్ అని పేరు పెట్టింది. పదమూడు మంది కళాకారిణులు కలిశారు. తొమ్మిదడుగుల ఎత్తు, అయిదడుగుల వెడల్పు ఉన్న పదకొండు చిత్రాలు గుండ్రంగా నిలుస్తాయి, పైకప్పు గ్రీన్‌స్టీన్ వేసింది. 1978 జనవరిలో న్యూయార్క్‌లోని పి.ఎస్. 1 కళాకేంద్రంలో మొదటిసారి ప్రదర్శించారు.

ఎవరు ఎవరిని ఎంచుకున్నారో చూస్తే ఆ కాలపు మనసు తెలుస్తుంది. ఆలిస్ నీల్ అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు బెల్లా అబ్జుగ్‌ను గీసింది. మే స్టీవెన్స్ పదిహేడో శతాబ్దపు చిత్రకారిణి ఆర్తెమీజియా జెంటిలెస్కీని, షర్లీ గొరెలిక్ ఫ్రీదా కాలోను, ఎల్సా గోల్డ్‌స్మిత్ జోన్ ఆఫ్ ఆర్క్‌ను తీసుకున్నారు. సింథియా మెయిల్‌మన్ తనను తానే దేవుడిగా గీసుకుంది. స్లే యూదు పురాణాల్లోని లిలిత్‌ను, ఆదామ్‌కు లొంగనన్న తొలి స్త్రీని, పురుష దేహం, స్త్రీ దేహం ఒకదానిలో ఒకటి కలిసిపోయిన రూపంగా చిత్రించింది. అర్ధనారీశ్వరుణ్ణి ఎరిగిన మనకు ఆ రూపం కొత్తగా అనిపించదు. డయానా కుర్జ్ ఎంచుకున్నది దుర్గను. ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గను కొలిచే తెలుగువాళ్లకు, న్యూయార్క్ స్త్రీవాదులు తమ మందిరంలో తొమ్మిదడుగుల దుర్గకు చోటిచ్చారన్న సంగతి తెలియదగినది. దేవతల ఆయుధాలన్నీ అందుకుని మహిషుణ్ణి చంపిన శక్తి, ఆ వరసలో సహజంగా ఇమిడింది.

ఎవరు బయట మిగిలారు

ఈ సముదాయాలకు హద్దులున్నాయి. ఏ.ఐ.ఆర్. స్థాపక సభ్యుల్లో నల్లజాతి స్త్రీ హొవార్డీనా పిండెల్ ఒక్కతే. స్త్రీల ఉద్యమంలో తెల్లజాతి మధ్యతరగతి గొంతే ఎక్కువ వినపడుతోందని ఆమె గట్టిగా చెప్పింది. 1980లో అదే గ్యాలరీలో, అమెరికాలోని మూడో ప్రపంచ స్త్రీ కళాకారుల ప్రదర్శన జరిగింది. దాన్ని తీర్చిదిద్దిన ముగ్గురు క్యూబాలో పుట్టిన ఆనా మెండియెటా, జపాన్ నుంచి వచ్చిన కజుకో మియామొటో, అలీగఢ్‌లో పుట్టిన జరీనా. జాతివివక్షతో తన అనుభవాల మీద పిండెల్ తీసిన వీడియో ఆ ప్రదర్శనలో భాగం.

స్లే చిత్రాలను ఈ వెలుగులోనూ చూడాలి. ఆమె గీసింది తన పరిచయస్థులను, తన నగరపు కళాలోకాన్ని. ఆ లోకపు కొరతలు ఆమె కాన్వాసుల్లోకీ వచ్చాయి. సామూహిక చిత్రం అబద్ధం చెప్పదు, ఎవరు లోపలున్నారో చూపిస్తూనే ఎవరు లేరో కూడా చూపిస్తుంది.

హడ్సన్ ఒడ్డు, సేకరణ

1979లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లు గీసిన హడ్సన్ నది చిత్రం స్లే పనుల్లో అన్నిటికంటే పెద్దది. పద్నాలుగు కాన్వాసులు, కలిపితే డెబ్బై అడుగుల పొడవు. ఫిష్‌కిల్ దగ్గర నది ఒడ్డున మిత్రులు పచ్చిక మీద కూర్చుని, నడుస్తూ, వనభోజనాల సందడిలో కనిపిస్తారు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు వాటో గీసిన విహార చిత్రాల ఛాయ ఇందులో ఉంది. ఇప్పుడిది యాంకర్స్‌లోని హడ్సన్ రివర్ మ్యూజియంలో ఉంది. ఈ చిత్రం సాగుతుండగానే, 1990లో ఆలవే కన్నుమూశాడు.

గీసినంత శ్రద్ధగానే ఆమె సేకరించింది కూడా. తోటి స్త్రీల చిత్రాలు, శిల్పాలు చెల్సీ ప్రాంతంలోని తన ఇంట్లో వందకు పైగా పోగుచేసింది. మ్యూజియంలు కొననివాటిని ఒక కళాకారిణి కొని దాచిందన్నమాట. 2010 అక్టోబరు 24న ఆమె మరణించాక ఆ సేకరణ న్యూజెర్సీలోని గ్లాస్‌బరో పట్టణంలో ఉన్న రోవన్ విశ్వవిద్యాలయానికి చేరింది. అక్కడి కళాచరిత్ర ఆచార్యుడు ఆండ్రూ హాటిల్ సిస్టర్ చాపెల్ మీద 2014లో పుస్తకం వెలువరించాడు. ఆ మందిరపు చిత్రాలూ 2016 నుంచి అదే విశ్వవిద్యాలయంలో శాశ్వతంగా ప్రదర్శనలో ఉన్నాయి.

అమెరికాలోని కాలేజ్ ఆర్ట్ అసోసియేషన్ 2008లో స్లేకు జీవితసాఫల్య పురస్కారం ఇచ్చింది. ఆమె పుట్టిన దేశపు పక్కనే, లివర్‌పూల్‌లోని టేట్ మ్యూజియంలో 2013లో సమగ్ర ప్రదర్శన జరిగింది. ఏ.ఐ.ఆర్. గ్యాలరీ సోహో వదిలి బ్రూక్లిన్ చేరింది. ఇప్పటికీ సభ్యుల సంస్థగానే నడుస్తోంది.